చదవలేనిది పారవేయదగినదా?

లినక్సు వాడేవారిలో ఒక దురభ్యాసం ప్రబలుతున్నది. పాత డిస్కునుండి తీసిన ఇమేజిని మౌంట్ చేయబోతారు. ఈ ఫైల్ సిస్టమ్ తనకు తెలియదని యంత్రం జవాబిస్తుంది. తక్షణమే "డిస్కు పాడైంది, పారవేయండి" అని తీర్పు వెలువడుతుంది. ఈ తీర్పును నేను ఖండిస్తున్నాను.

యంత్రం పలికినది "నాకు తెలియదు" అని మాత్రమే. "ఇందులో ఏమీ లేదు" అని కాదు. తెలుగు లిపి ఒక్కటే తెలిసినవాడు గ్రంథలిపిలోని తాళపత్రాన్ని చదవలేడు. అంతమాత్రాన దానిని పొయ్యిలో పెడతాడా? ఆ లిపి ఎరిగినవానిని వెదకుతాడు. ఫైల్ సిస్టమ్ కూడ అటువంటిదే. ఏ ఫైలు డిస్కులో ఎక్కడెక్కడ ఉన్నదో తెలిపే ఏర్పాటు అది. దానిని చదివే నేర్పు కెర్నెల్‌కు లేకున్నా లోపలి అక్షరాలు చెక్కుచెదరవు.

రైజర్‌ఎఫ్ఎస్ సంగతి చూడండి. 2001లో లినక్సు కెర్నెల్‌లో చేరింది. 2025 జనవరిలో వెలువడిన 6.13లో దానిని తొలగించారు. తొలగించినవారిని నేను తప్పుపట్టను. పోషకులు లేని భాగం కెర్నెల్‌లో ఉంటే, ఒక్క వికృతమైన ఇమేజి యంత్రాన్నంతటినీ కూల్చవచ్చు. కాని పాత కెర్నెల్ మాయం కాలేదు కదా! క్యూఎము వంటి అనుకరణ యంత్రంలో దానిని నడిపి, ఇమేజి నకలును తగిలించి చదువుకోవచ్చును.

"ఇంత శ్రమ ఎందుకు? విండోస్‌లో తెరిస్తే పోలేదా?" అంటారు. విండోస్‌కూ రైజర్‌ఎఫ్ఎస్ తెలియదు. పైగా తనకు తెలియని డిస్కును తగిలిస్తే ఫార్మాట్ చేయమంటుంది! తెలియదని ఒప్పుకొన్న లినక్సు దీనికంటె ఎంతో మర్యాదస్థురాలు.

ఆపిల్ సంస్థ 1985లో హెచ్ఎఫ్ఎస్‌ను తెచ్చింది. 2019 నాటి కాటలినాతో దానిని చదవడమే మానివేసింది. కన్నతల్లి కాదన్న ఆ బిడ్డను హెచ్ఎఫ్ఎస్‌యుటిల్స్ చేరదీసింది. మౌంట్ అవసరం లేకుండానే ఫైళ్ళను బయటికి తీసి ఇస్తుంది. పాత డాస్ ఫ్లాపీలకు ఎమ్‌టూల్స్ ఇదే ఉపకారం చేస్తుంది.

నిజమైన దోషం ఎవరిది? నిర్మాణాన్ని దాచిపెట్టిన తయారీదారులది. 1988లో ప్రమాణంగా ప్రకటించిన ఐఎస్ఓ 9660ను నేటికీ ఏ యూనిక్సు తరహా యంత్రమైనా చదువుతుంది. 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ గుట్టును మాత్రం బయటివారు ఏళ్ళతరబడి శోధించి తెలుసుకోవలసివచ్చింది. మన ఆగ్రహం చూపవలసినది అక్కడ; డిస్కుమీద కాదు.

కనుక మొదట డీడీతోనో, డిస్కు శిథిలమైతే డీడీరెస్క్యూతోనో పూర్తి నకలు తీయండి. మూలాన్ని ముట్టకండి. ఫైల్ అనే ఆదేశంతో నకలు జాతి తెలుసుకొనండి. తగిన పనిముట్టు వెదకండి. ఏదీ దొరకకున్నా ఆ నకలును భద్రపరచండి. రేపు మరొకరు చదువుతారు.

యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలోని తెలుగు, తెరమీద పిచ్చిగీతలుగా కనిపించినా, దానిని చెరిపివేయక మార్పిడి చేసి చదువుకున్నవారం మనం. చదవలేకపోవడం వేరు, లేకపోవడం వేరు అని మనకు మరొకరు చెప్పాలా?