శుక్రుడి మీద ఒక రోజు



శుక్ర గ్రహం మీద ఒక రోజు ఒక సంవత్సరం కన్నా పొడవనీ, కాబట్టి దేవుని దృష్టిలో కాలం వేరని సైన్సే రుజువు చేసిందనీ ఒక మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. చివర ఆమేన్ అని రాసి పదిమందికి పంపమంటారు. దయచేసి పంపకండి. ఇలాంటి రుజువుల వల్ల విశ్వాసానికి మేలు కన్నా కీడే ఎక్కువని నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన రోజుల్లో సుమారు 243 పడుతుంది. సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి సుమారు 225 రోజులు చాలు. మెసేజ్ చెప్పేది ఇంతవరకే. కానీ మనం రోజు అనేది దేన్ని? పొద్దు పొడిచినప్పటి నుంచి మళ్లీ పొద్దు పొడిచేదాకా. శుక్రుడు భూమికి ఎదురు దిశలో తిరుగుతాడు గనుక అక్కడ ఆ కాలం సుమారు 117 రోజులే. అంటే సంవత్సరంలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

పొద్దు లెక్కన సంవత్సరాన్ని మించిన రోజు బుధుడిది. అక్కడ సంవత్సరం 88 రోజులు, ఒక పొద్దుకూ ఇంకో పొద్దుకూ మధ్య 176 రోజులు. రెండేళ్లు గడిస్తే గాని ఒక దినం పూర్తి కాదు. బృహస్పతి దగ్గర అంతా తలకిందులు. రోజుకు పది గంటలైనా ఉండవు, సంవత్సరమేమో మన పన్నెండేళ్లంత.

మరి వీటిలో ఏ గ్రహం గడియారం దేవునిది? ఏదీ కాదు. ఒకటి మెల్లగా తిరుగుతుంది, ఒకటి వేగంగా తిరుగుతుంది. అన్నీ సృష్టిలోని గడియారాలే. సృష్టికర్త కాలానికి అతీతుడని నమ్మే మనకు శుక్రుడి సాక్ష్యం ఎందుకు?

నా భయం పిల్లల గురించి. ఇంటర్ చదివే మన బిడ్డ ఈ లెక్క పుస్తకంలో సరిగా నేర్చుకుని, అమ్మానాన్నలు సగం మాటనే రుజువని పంపారని తెలుసుకుంటే, ఆ అనుమానం గ్రహాల దగ్గర ఆగుతుందా? రేపు మనం ప్రార్థన గురించి చెప్పినా, క్షమాపణ గురించి చెప్పినా, ఇదీ అలాంటిదేనేమో అనుకోదా? సత్యం పేరుతో అరకొర మాట చెబితే పోయేది మన మాట మీద నమ్మకమే.

సండే స్కూల్లో ఎవరైనా పిల్లవాడు బుధుడి రోజు గురించి అడిగితే వెంటనే దాన్ని ప్రసంగంగా మార్చకండి. వాణ్ణి పూర్తిగా చెప్పనివ్వండి. కావాలంటే ఒక నిమ్మకాయ, ఒక దీపం తెచ్చి తిప్పి చూపించమనండి. నెప్ట్యూన్‌ను 1846లో కనిపెడితే, అక్కడి లెక్కన తొలి సంవత్సరం నిండింది 2011లోనే అని మీరూ చెప్పండి. పిల్లలు నోళ్లు తెరిచి వింటారు. ఆ ఆశ్చర్యంలోనే స్తుతి ఉంది. దానికి మనం అబద్ధం కలపనక్కర లేదు.