ఫ్లెక్సీ మీద నేను.. ఇంట్లో నేను

మొన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక గూగుల్ ఫామ్ వచ్చింది. ‘పూర్వ విద్యార్థుల విజయాలు’ అట. కంపెనీ, హోదా, ప్యాకేజీ.. మూడింటికీ ఎర్ర చుక్క పెట్టారు, నింపకపోతే ముందుకు పోదు. ఫోన్ పట్టుకుని అలా కూర్చుండిపోయా. ఎందుకంటే ఈ విజయాల లిస్టులో నేను ఇంతకుముందే ఒకసారి ఉన్నా. అప్పుడు నాకు ఉద్యోగమే లేదు!

మాది 2020 బ్యాచ్. ఫైనలియర్లో ప్లేస్‌మెంట్ వచ్చింది. వారం తిరక్కుండానే కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టేశారు. నా పాస్‌పోర్ట్ ఫొటో, కింద ప్యాకేజీ. నాన్న బండి ఆపి మరీ దాన్ని ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఆ తర్వాత కరోనా వచ్చింది. జాయినింగ్ జూలైలో అన్నారు, అక్టోబర్ అన్నారు, చివరికి మెయిల్‌కి జవాబే లేదు. ఫ్లెక్సీ మాత్రం వానకి తడిసి, ఎండకి వెలిసి, అక్కడే వేలాడుతోంది. ‘‘ఏం బాబూ, ఇంట్లోనే ఉంటున్నావ్?’’ అని ఎదురింటి ఆంటీ అడిగితే ‘‘వర్క్ ఫ్రమ్ హోమ్ ఆంటీ’’ అనేవాణ్ని. దేశమంతా అదే చేస్తోంది కాబట్టి బతికిపోయా. రాత్రుళ్లు మాత్రం నిద్ర పట్టేది కాదు.

2023లో సి.ఆర్.రావు గారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించారు. స్టాటిస్టిక్స్‌కి అది నోబెల్ లాంటిదంటారు. అప్పటికి ఆయన వయసు 102. ‘మన తెలుగాయన, ఆంధ్రా యూనివర్సిటీ పూర్వ విద్యార్థి’ అంటూ నాకూ ఫార్వర్డ్ వచ్చింది. ఒక బొటనవేలు కొట్టి వదిలేయబోయి, ఎందుకో ఆయన కథ చదివా.

ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే అయ్యాక ఆయనకి అక్కడ రీసెర్చ్ స్కాలర్‌షిప్ దొరకలేదు. మిలిటరీ సర్వే యూనిట్లో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒకాయన, తను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్నానని చెప్పాడు. రావు గారు వెళ్లి చూశారు. 1941లో అక్కడే చేరిపోయారు.

తర్వాత కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతుంటే దండేకర్ అనే స్టూడెంట్ ఒక డౌటు అడిగాడు. ఫిషర్ చెప్పిన సూత్రం పెద్ద శాంపిల్స్‌కి సరే, చిన్న శాంపిల్స్‌కి అలాంటిదేమైనా ఉందా అని. సారు దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా కూర్చుని, మర్నాటికల్లా నిరూపించేశారు. అదే 1945లో అచ్చయింది. ప్రపంచం దాన్ని క్రామర్-రావ్ బౌండ్ అంటుంది. చేతిలో ఉన్న డేటాతో మన అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు అది. ఫోన్ లొకేషన్‌ని ఎంత దగ్గరగా పట్టుకోవచ్చో లెక్కగట్టే ఇంజినీర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు. డౌటు అడిగిన ఆ దండేకర్ కూడా తర్వాత మన దేశంలో పేదరికం మీద పనిచేసిన పెద్ద ఆర్థికవేత్త అయ్యారు.

1945లో చేసిన పనికి 2023లో ప్రైజు. అంటే 78 ఏళ్లు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఫార్వర్డ్‌లో వచ్చింది చివరి లైను మాత్రమే. రాని స్కాలర్‌షిప్, రాని ఉద్యోగం, హోటల్లో కలిసినాయన, క్లాసులో లేచి నిలబడ్డ స్టూడెంట్.. వీళ్లెవరూ అందులో లేరు.

నా కథలోనూ అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. ప్రైజులేం రాలేదు లెండి, ఉద్యోగం వచ్చింది, అంతే. 2021లో మా ల్యాబ్ టెక్నీషియన్ బాబాయ్ ఫోన్ చేశాడు. ‘‘ఒరే, నిజం చెప్పు, జాయినయ్యావా లేదా?’’ అన్నాడు. ఆ ప్రశ్న సూటిగా అడిగింది ఆయనొక్కడే. లేదన్నా. ‘‘మన సీనియర్ ఒకడు చిన్న కంపెనీలో టెస్టింగ్‌కి మనుషుల్ని వెతుకుతున్నాడు, నంబర్ పంపిస్తా, సిగ్గుపడకుండా చెయ్’’ అన్నాడు. చేశా. ఫ్లెక్సీలో ఉన్న ప్యాకేజీలో సగం కూడా లేదు. కానీ ఆ రోజు నుంచి ఆంటీకి చెప్పింది అబద్ధం కాదు.

బాబాయ్ పోయిన నెల రిటైరయ్యాడు. రోజుకి పది కంగ్రాట్స్‌లు పడే మా గ్రూపులో ఆయన గురించి ఒక్క మెసేజ్ లేదు. నేనూ పెట్టలేదు, రిటైరైన సంగతి నాకు తెలిసిందే వారం తర్వాత.

ఫామ్ చివర్లో ‘మీ విజయానికి తోడ్పడిన అధ్యాపకులు’ అని ఒక గడి ఉంది. నొక్కితే ప్రొఫెసర్ల పేర్లన్నీ వచ్చాయి. బాబాయ్ పేరు లేదు. కిందికి జరుపుకుంటూ పోతే ‘ఇతరులు’ అని కనిపించింది. అక్కడ టైప్ చేశా. తర్వాత గ్రూపులోకెళ్లి ఆయన ఫొటో పెట్టి, ‘ఉద్యోగం లేనప్పుడు నాకు ఫోన్ చేసిన మనిషి’ అని రాశా.

అర్ధరాత్రి దాకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ‘నాక్కూడా చేశాడ్రా’ అని పదకొండు మంది రాశారు. ఆ పదకొండు మందిలో నలుగురు నాతోపాటు ఫ్లెక్సీ మీద ఉన్నవాళ్లే!