నిద్రలో వదిలిపోయే వ్యసనమా?

హెరాయిన్‌కి అలవాటుపడిన మనిషిని కొన్ని గంటలపాటు స్పృహ లేకుండా పడుకోబెట్టి, ఆ సమయంలోనే నాలోక్సోన్, నాల్ట్రెక్సోన్ మందులిచ్చి, హెరాయిన్ ప్రభావాన్ని ఒక్కసారిగా అడ్డుకునే పద్ధతి ఒకటుంది. రోజుల తరబడి పడాల్సిన బాధంతా నిద్రలోనే గడిచిపోతుందని దాన్ని అమ్మేవాళ్లు చెబుతారు. 1980ల చివర్లో వియన్నా డాక్టర్లు చేసిన ఈ ప్రయోగం తర్వాతి పదేళ్లలో అనేక దేశాల్లో ప్రైవేటు వ్యాపారమైపోయింది. ఆస్ట్రేలియాలో 1997లో దీనికి గిరాకీ తెచ్చినవాటిలో ఒక మహిళా పత్రికలో వచ్చిన కథనం కూడా ఉండటం నన్ను ఆలోచింపజేసింది.

అది యాదృచ్ఛికమని నేననుకోను. కొడుకు మత్తుకి బానిసైతే రాత్రిళ్లు మేలుకుని కాపలా కాసేది తల్లి. భర్త అయితే అప్పులు తీర్చేది భార్య. 'ఒక్కరోజులో నయం' అనే మాట ముందుగా ఈ అలసిపోయిన ఆడవాళ్లకే వినబడుతుంది. వాళ్లని అమాయకులని తేలిక చెయ్యడం అన్యాయం. వాళ్ల అలసటని సొమ్ము చేసుకునేవాళ్లనే మనం నిలదీయాలి.

ఆ మాటలో నిజమెంత? 2005లో అమెరికాలో 106 మంది మీద జరిపిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. మత్తిచ్చి చేసిన 35 మందికి తర్వాతి బాధేమీ తగ్గలేదు. చికిత్సలో ఎక్కువమంది నిలబడనూ లేదు. పైగా ముగ్గురికి ప్రాణం మీదికొచ్చింది. 2012లో న్యూయార్క్ నగరంలోని ఒకే క్లినిక్‌లో తొమ్మిది నెలల్లో 75 మందికి ఈ చికిత్స చేస్తే ఇద్దరు చనిపోయారు, మరో ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు. బ్రిటన్‌లో 2007 నాటి మార్గదర్శకాలు ఈ పద్ధతి వాడకూడదనే చెప్పాయి.

బతికి బయటపడినా ప్రమాదం పోదు. శరీరం పాత మోతాదుని తట్టుకునే శక్తి కోల్పోతుంది. మళ్లీ అంతే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. ఈ సంగతి చెప్పకుండా తీసుకున్న సంతకాన్ని సమ్మతి అని ఎలా అంటాం?

వ్యసనపరుల్లో స్త్రీలూ ఉన్నారన్నది మరో మరుగుపడిన విషయం. గర్భిణులకు హెరాయిన్‌ని హఠాత్తుగా ఆపించడం కన్నా మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ ఇస్తూ ఉండటమే మేలని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ రెండు మందులనూ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అవి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వాడాల్సినవి. వాటిలో అద్భుతమేమీ లేదు, పత్రికలకు కథా దొరకదు.

అయినా మనం అడగాల్సింది వాటినే. ఏ చికిత్సలో ఏ ప్రమాదముందో రోగికి ముందే, అర్థమయ్యే భాషలో చెప్పాలి. నిదానంగా సాగే చికిత్స ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా అందాలి. ఆ నెలలన్నీ రోగిని కనిపెట్టుకుని ఉండే పని ఇంట్లో ఒక్క ఆడమనిషి మీదే పడకూడదు. ఆ భారం పంచుకునేవాళ్లు ఉన్నప్పుడే ఆమె ఒక్కరోజు అద్భుతాన్ని కాదనగలుగుతుంది.