వాగు సంగతి అడిగి బయలుదేరండి

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన కుర్రాళ్ళ చూపు మన్యం వైపు తిరుగుతుంది. మొన్న పిఠాపురంలో ఒక టీ దుకాణం వద్ద నలుగురు యువకులు ప్రయాణపు ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. రంపచోడవరం దగ్గర భూపతిపాలెం జలాశయం ఒడ్డున గుడారం వేసి రెండు రాత్రులు గడపాలట. గుడారం, వంట సామాను, పాటల పెట్టె అన్నీ లెక్కలోకి వచ్చాయి. రానిదల్లా నీరు ఒక్కటే.

నీటి సంగతి మన రైతుకు వేరే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురం, గొల్లప్రోలు ప్రాంతాల పొలాలను ముంచెత్తింది. నెత్తిమీద ఆకాశం తేటగా ఉన్నా, ఎగువన కురిసిన వాన మన చేలోకి వస్తుందని ఇక్కడ పిల్లవాడికైనా తెలుసు. అదే నెలలో మారేడుమిల్లి వద్ద జలతరంగిణి జలపాతానికి విహారానికి వచ్చిన ఏలూరు వైద్య విద్యార్థులు వరదలో కొట్టుకుపోగా, ముగ్గురు మరణించారు. కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినది కూడా 2019 సెప్టెంబరు 15ననే. చేలో తెలిసిన పాఠం అడవిలో మరచిపోతే ఎలా?

కాబట్టి గుడారం కొనడానికి ముందు నెల చూసుకోవాలి. వానాకాలంలో వాగుల పక్క బస వద్దు. కార్తీకం దాటాక వెళ్ళడం మేలు. తుపాను హెచ్చరిక ఉంటే అప్పుడైనా మానుకోవలసిందే.

రెండవది అనుమతి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా జొరబడడం, నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. చలిమంట సరదా ఎండుటాకులకు అంటుకుంటే ఆర్పేదెవరు?

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, అక్కడి మనిషి మాట. ఏ బండ జారుతుందో, ఏ మలుపులో లోతున్నదో, నీరు రంగు మారితే ఎంత వేగంగా గట్టెక్కాలో కొండరెడ్డికి తెలుసు. ఆయనను వదిలి సెల్‌ఫోనులో వెదకడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదికినట్లే. పైగా లోపలి కొండల్లో చాలాచోట్ల ఆ ఫోను పలకదు. ఊరి యువకుడిని కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్ళండి. ఆయన వద్దన్న చోట దిగకండి.

దోమతెర మరువరాదు. మన్యంలో మలేరియా ప్రాణాంతకం కాగలదు. తిరిగివచ్చాక జ్వరం తగిలితే మన్యం వెళ్ళివచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. సీసాలు, ప్లాస్టిక్ సంచులు వాగులో పారవేయవద్దు. అది గిరిజనుల కాలకృత్యాలకు, పశువులకు ఆధారమైన నీరు.

ఇన్ని భయాలుంటే ఇంట్లోనే కూర్చోవాలా అని కొందరనవచ్చు. అక్కరలేదు. అడవిని చూడాలి, చూచి నేర్చుకోవాలి. అయితే బాధ్యత యాత్రికులదే అని అధికారులు చేతులు దులుపుకోరాదు. ఎగువ వర్షం, వాగుల స్థితి ప్రతి ఉదయం చెక్‌పోస్టుల వద్ద తెలుగులో రాసిపెట్టాలి. జనం చేరే ప్రతి జలపాతం వద్ద ఈత వచ్చిన గిరిజన యువకులను జీతంపై కాపలా ఉంచాలి. దానివల్ల వారికి ఉపాధి, మన పిల్లలకు రక్ష.

తల్లిదండ్రులు కూడా ఎంత డబ్బు కావాలని కాక, ఎక్కడ బస, ఎవరు తోడు, వాన ఎలా ఉందని అడిగి పంపాలి. నలుగురు వెళితే నలుగురూ తిరిగి రావాలి గదా!