పట్టా ఇచ్చేవారిదే పూచీ

ఫలజ్యోతిషాన్ని విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంగా బోధించవచ్చా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది హైదరాబాద్ శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ. తార్నాక దాటాక ఉప్పల్ రోడ్డులో కనిపించే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి ఆయన వ్యవస్థాపక సంచాలకుడు. 2001లో యూజీసీ ‘జ్యోతిర్ విజ్ఞాన్’ పేరిట బీఎస్సీ, ఎమ్మెస్సీ కోర్సులకు నిధులిచ్చేందుకు ముందుకొచ్చింది. దీన్ని సవాలు చేస్తూ ఆయన, మరికొందరు వేసిన పిటిషన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. 2004 మే 5న సుప్రీంకోర్టూ తోసిపుచ్చింది.

జ్యోతిషం శాస్త్రమేనని కోర్టే తేల్చిందంటూ ఆ తీర్పును చూపేవారు ఉన్నారు. అది సరైన పఠనం కాదు. కోర్టు ప్రధానంగా తేల్చింది నిర్ణయాధికారం ఎవరిదన్నదే. ఏ కోర్సు పెట్టాలో చూసుకోవాల్సింది విద్యానిపుణుల సంస్థలనీ, అందులో న్యాయస్థానాలు సాధారణంగా జోక్యం చేసుకోవనీ చెప్పింది. కోర్సు ఐచ్ఛికమే కనుక మతాన్ని రుద్దినట్లు కాదంది. లౌకికవాదం వరకు ఆ జవాబు చెల్లుతుంది. శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని చెప్పే 51ఏ(హెచ్) అధికరణం కూడా ఆదర్శమే తప్ప, దాంతో ఒక సిలబస్‌ను రద్దు చేయించడం కష్టం.

పంచాంగం తెరిస్తే అసలు చిక్కు తెలుస్తుంది. తిథి, నక్షత్రం, గ్రహణకాలం లెక్కకు అందేవి. తప్పితే ఆకాశమే పట్టిస్తుంది. ఆ పుస్తకంలోనే రాశికి ఇంత ఆదాయం, ఇంత వ్యయం, ఇంత రాజపూజ్యం, ఇంత అవమానం అని ఉంటుంది. ఒకే రాశిలో పుట్టిన షావుకారుకూ అతని కొట్లో గుమాస్తాకూ ఆదాయం అంకె ఒకటే! 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి దక్కిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. ఆ కొలతలను మరో వేధశాల సరిచూడగలదు. జాతకఫలాన్నీ సరిచూడవచ్చని పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 2008లో నిరూపించింది. చురుకైన విద్యార్థుల జాతకాలనూ, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలనూ కలిపి ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమంటే, 27 మంది జ్యోతిష్కులు సగటున 46 శాతమే సరిగా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా సగం కుదిరేవి.

ప్రాచీన జ్యోతిష గ్రంథకర్త వరాహమిహిరుణ్ణి సంస్కృత శాఖలో చదవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. బీఎస్సీ పట్టా సంగతి వేరు. ఫీజు కట్టిన విద్యార్థికి, రేపు అతని దగ్గర సలహాకు వచ్చేవారికి అది విశ్వవిద్యాలయం ఇచ్చే హామీ. చట్టం అనుమతించినంత మాత్రాన ఆ నైతిక బాధ్యత తీరదు. కోర్టు తప్పుకున్న చోట అది బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ కౌన్సిళ్ల మీదే పడుతుంది. అక్కడ కూర్చునేదీ శాస్త్రవేత్తలే కదా అంటే, అదీ పూర్తి భరోసా కాదు. జ్ఞానం మానవ ప్రయత్నం వల్లే లభిస్తుందన్న ప్రతిజ్ఞాపత్రాన్ని 1964లో భార్గవ, ఆయన మిత్రులు శాస్త్రవేత్తల ముందు పెడితే, చాలామంది సంతకం చేయడానికి నిరాకరించారని ఆయనే రాశారు.