కేబుల్ మీది అంకె కాదు, లోపలి లోహం చూడండి

మొన్న విరామ సమయంలో పదవ తరగతి విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, మా మేడమీద గదికి నెట్ కేబుల్ లాగిస్తున్నామండీ. ముప్పై మీటర్లు కావాలి. కొట్టులో క్యాట్ 8 తీసుకోమంటున్నారు. అంకె పెద్దదైతే నెట్ వేగంగా వస్తుందట, నిజమేనాండీ?" అని అడిగాడు. మీ కనెక్షను ఎంతరా అంటే, సెకనుకు 100 మెగాబిట్లు అన్నాడు. ఇదే సందేహం మీలో చాలామందికి ఉంటుంది. అందుచేత వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

ముందు ఈ పేరు సంగతి. ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో పుట్టింది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు దానిని రూపొందించారు. కాంతి తరంగాలు ప్రయాణించడానికి విశ్వమంతా 'ఈథర్' అనే పదార్థం నిండి ఉన్నదని పూర్వం శాస్త్రజ్ఞులు భావించేవారు. 1887లో మైకెల్సన్, మోర్లీ ఎంతో జాగ్రత్తగా వెదికినా దాని జాడ కనిపించలేదు. లేని ఈథర్ పేరు ఉన్న కేబుల్‌కు దక్కింది!

క్యాట్ అంటే కేటగిరీ, అనగా తరగతి. క్యాట్ 5ఇ కేబుల్ నూరు మీటర్ల దూరం వరకు సెకనుకు 1000 మెగాబిట్లు మోయగలదు. క్యాట్ 6 అయితే సుమారు 55 మీటర్ల లోపు 10,000 మెగాబిట్లు, క్యాట్ 6ఎ పూర్తి నూరు మీటర్లూ అంతే మోస్తాయి. క్యాట్ 8 పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలలో, ముప్పై మీటర్ల లోపు దూరాలకు ఉద్దేశించినది. ఇంటికి వచ్చేది 100 మెగాబిట్లయితే క్యాట్ 5ఇ కూడా దానికి పది రెట్లు మోయగలదు. చెరువు తూము సన్నదైనప్పుడు కాలువ ఎంత వెడల్పు తవ్వినా పొలానికి నీరు పెరగదు కదా!

ఇంటికి క్యాట్ 5ఇ చాలునని నా అభిప్రాయం. గోడలో గొట్టం పెట్టి లాగిస్తుంటే మాత్రం క్యాట్ 6 వేయించుకోవచ్చు. రేపు వేగం పెరిగితే గోడ మళ్లీ పగలగొట్టించే పని ఉండదు. అంతకు మించినది మామూలు ఇంటికి దండగ.

అయితే కేబుల్ లోపల ఉన్నదేమిటో కొట్టులో ఎవరూ చూపించరు. తొడుగు కోసి చూస్తే ఎనిమిది సన్నని తీగలుంటాయి. అవి రెండేసి చొప్పున, తాడు పేనినట్లు పేనివుంటాయి. ఇలా పేనడం ఎందుకు? టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంటు పొందాడు. జతలో ఒక తీగ మీద సంకేతం +1 అయితే రెండవదాని మీద -1 ఉంటుంది. అందుకునే యంత్రం చూసేది వాటి మధ్య భేదాన్ని మాత్రమే, అనగా 2. పక్కనున్న కరెంటు తీగనుంచో మోటారునుంచో 3 పాళ్ల అలజడి వచ్చి చేరిందనుకోండి. పేనివుండడంవల్ల రెండు తీగలూ అలజడికి సమానంగా లోనవుతాయి. ఇప్పుడు ఒకటి 4, మరొకటి 2. భేదం? మళ్లీ 2 మాత్రమే! ఇంత చక్కని ఉపాయాన్ని మనవాళ్లు కొసన ప్లగ్గు బిగించేటప్పుడు రెండంగుళాల మేర విప్పేసి పాడుచేస్తుంటారు. అర అంగుళానికి మించి విప్పకూడదు.

ఇక అసలు మోసం లోహంలో ఉన్నది. ప్రమాణాల ప్రకారం ఈ తీగలు రాగివి కావాలి. బజారులో అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసినవి కూడా అమ్ముతున్నారు. కొన్నింటి తొడుగు మీద సి.సి.ఏ. అనే అక్షరాలుంటాయి, కొన్నింటి మీద అవీ ఉండవు. రాగి విశిష్ట నిరోధం 1.68×10⁻⁸ ఓమ్-మీటర్లు, అల్యూమినియానిది 2.65×10⁻⁸. విద్యుత్తు పాఠంలోని సూత్రంతో లెక్కవేయండి. తీగ వ్యాసం సుమారు అర మిల్లీమీటరు. ముప్పై మీటర్ల కేబుల్‌లో ఒక జతను ఒక కొసన కలిపి, రెండో కొసన మల్టీమీటరుతో కొలిస్తే, రానూపోనూ 60 మీటర్లకు, అసలైన రాగి దాదాపు 5 ఓములు చూపాలి. పూత తీగ ఏడు దాటుతుంది. కొలిచేటప్పుడు కేబుల్ దేనికీ తగిలించి ఉండకూడదు సుమా! తీగ మరీ సన్నదైతే రాగి కూడా ఎక్కువే చూపుతుంది. కనుక ప్రయోగశాలలోని స్క్రూగేజితో వ్యాసం కూడా చూసుకోవాలి. ఇవేవీ లేకపోతే బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే అల్యూమినియమే.

"సంకేతం తీగ పైపొరలోనే నడుస్తుంది, పూత చాలు" అని వాదించేవారున్నారు. ఇందులో సగం నిజం ఉంది. సెకనుకు పది కోట్ల కంపనాలున్న సంకేతం మిల్లీమీటరులో నూరవ వంతుకన్నా తక్కువ లోతులోనే నడుస్తుంది. కానీ ఇదే కేబుల్‌లో పది లక్షల కంపనాల భాగం కూడా ఉంటుంది. దానికి అంతకు పదింతల లోతు కావాలి, పూత చాలదు. పైగా కొన్ని సీసీ కెమెరాలకు కరెంటు కూడా, సుమారు 48 వోల్టుల వద్ద, ఈ తీగలగుండానే పోతుంది. ఆ ఏకముఖ విద్యుత్తు తీగ మొత్తాన్నీ వాడుకుంటుంది. నిరోధం ఎక్కువైతే తీగ అంత వేడెక్కుతుంది. ఒక కట్టగా గోడలో పడివున్న తీగలు వేడెక్కడం నాకు చిన్న విషయంగా తోచదు. అల్యూమినియం నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది కూడా.

1000 మెగాబిట్లకు ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. ఒకటి తెగితే చాలాసార్లు నెట్ ఆగిపోదు, వేగం 100కు పడిపోయి ఊరుకుంటుంది. ఇంట్లోవాళ్లు కంపెనీని తిడుతూ కూర్చుంటారు!

ఆ అబ్బాయి మర్నాడు చిన్న ముక్క తెచ్చాడు. తొడుగు మీద క్యాట్ 8 అని అచ్చువేసి ఉంది. బ్లేడుతో గీకాం, లోపల తెలుపు. వాడూ వాళ్ల నాన్నగారూ కలిసి వెళ్లి ఆ తీగ చూపిస్తే కొట్టు యజమాని మారుమాట లేకుండా క్యాట్ 6 చుట్ట తీసి ఇచ్చాడట. దాని కొసను కూడా గీకి చూశాకే డబ్బు ఇచ్చారు.