పాము కాటుకు పాషా పేరు

పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా. ఆ పాషా పేరు తలిస్తే చాలు, పాము విషం దిగిపోతుందని జనం నమ్మేవారు. పాము కరిచినవాళ్లు ఏ అర్ధరాత్రి వచ్చినా తనను లేపమని ఆయన ఆజ్ఞాపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి విరుగుడు మందు లేదు. ఫ్రాన్స్‌లో కాల్మెట్ దాన్ని తయారుచేసింది 1890ల మధ్యలోనే. దిక్కులేని రైతుకు దొరల దయే మందు.

పేరు మహిమనో, చేతి మహిమనో నమ్మింది మనవాళ్లే కాదు. మనిషిలోని అయస్కాంత శక్తి రోగాలు కుదురుస్తుందని వియన్నా వైద్యుడు మెస్మర్ చెబితే యూరప్ ఊగిపోయింది. 1845లో హుగ్లీలో జేమ్స్ ఎస్‌డైల్ అనే డాక్టరు అదే పద్ధతిలో రోగుల ఒంటి మీదుగా గంటల తరబడి చేతులు దింపి, నిద్రపుచ్చి, మత్తుమందు లేకుండానే కణుతులు కోశాడు. వేపమండతో తల నుంచి పాదాల దాకా దించే మన మంత్రగాడు చేసేదీ దాదాపు అదే. రెండేళ్లకు క్లోరోఫామ్ వచ్చింది, ఆ చేతుల వైద్యం మూలబడింది.

ఆ క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చే పరీక్షలు జరిగింది హైదరాబాద్‌లోనే. 1888లో, 1889లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి నిపుణుడిని రప్పించడానికి వెయ్యి పౌండ్లు ఇచ్చింది ఈ మహబూబ్ పాషాయే. గుండె కన్నా ముందు ఊపిరే ఆగుతుందని వాళ్లు తేల్చారు. గుండే హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో లెవీ చూపించాడు. తప్పు బయటపడింది, వైద్యం మారింది. మంత్రానికి ఈ దిద్దుబాటే లేదు. విషం లేని పాము కరిచినా, విషప్పాము కరిచి విషం వదలకపోయినా, ప్రాణం దక్కితే ఆ పేరు మంత్రానికే. పోతే, ఆయుష్షు తీరిందంటారు.

కట్లపాము కాటుకు చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఆపైన ఊపిరి ఆగుతుంది. విషం దిగింది, పడుకోనివ్వండి అని మంత్రగాడు చెప్పేది సరిగ్గా ఆ గంటలోనే.

దేశంలో పాము కాటుకు ఏటా సుమారు 58 వేల మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. చావులు ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో, తెలంగాణను కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030కల్లా ఈ చావులను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అది కాగితం దాటాలంటే అచ్చంపేట, దేవరకొండ వైపు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట కూడా విరుగుడు మందు, దాన్ని ఎక్కించే డాక్టరు ఉండాలి. మంత్రగాడిని తిట్టి లాభం లేదు. కాటు తిన్న మనిషి ముందు వెళ్లేది ఆయన గడపకే కాబట్టి, 108కు మొదటి ఫోన్ ఆయనతోనే చేయించాలి.